సూడి గొర్రె, స్కానింగు మేడం

మేడం చనిపోయిందన్న కబురు ఫోన్ గ్రూపులో వచ్చినప్పుడు నేను ఉరవకొండ దగ్గర ఒక పల్లెలో మేకను స్కాన్ చేస్తున్నాను. చేతులకు జెల్లీ ఉండడంతో వెంటనే చూడలేదు. మేక తాలూకు మనిషికి చెప్పాల్సింది చెప్పి, చేతులు తుడుచుకుని చూసేసరికి గ్రూపు నిండా దండాలు, పూలు, దీపాలు. ఒకతను ‘మృదుస్వభావి, మాతృమూర్తి’ అని రాశాడు. నాకు నవ్వొచ్చింది. రాసినవాడు నాతో పాటే ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడు. జెల్లీ సీసాకు మూత పెట్టడం మరిచిపోయినందుకు ఒకసారి ఆమె అతన్ని మధ్యాహ్నం దాకా గది బయట నిలబెట్టింది. పోయినవాళ్ళకు లేని గుణాలు అంటగట్టడం మనకు అలవాటే కాబట్టి ఊరుకున్నాను. కానీ ఆమె ఎలా ఉండేదో ఉన్నదున్నట్టు ఒకచోట రాసి పెట్టాలనిపించింది.

నేను పశువుల ఆసుపత్రిలో సహాయకురాలిని. మనుషుల ఆసుపత్రిలో నర్సు చేసే పనే నాదీ, కాకపోతే మా రోగులు తంతాయి. చదువు అయిపోయి ఉద్యోగంలో చేరేనాటికి సూదులు వేయడం, కట్లు కట్టడం, మందులు తాగించడం వచ్చు. స్కానింగు, ఎక్స్‌రే మాత్రం రావు. అవి నేర్చుకుని రమ్మని మమ్మల్ని కొంతమందిని కలిపి టౌనులో ఉన్న పెద్ద ఆసుపత్రికి పంపారు. ఆ రెండు గదులకూ డాక్టరు మేడమే. ఆమెకు పేరు లేకేం, ఉంది. ఎవరూ వాడేవాళ్ళు కాదు. పల్లెల్లో కూడా స్కానింగు మేడం అంటేనే తెలిసేది.

పొట్టి మనిషి. తెర ముందు కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకు ఆనేవి కావు, అందుకని కింద ఒక ఇటుక పెట్టుకునేది. కాటన్ చీర, దాని మీద తెల్లకోటు, ఆ కోటు జేబులో ఎప్పుడూ ఉడకబెట్టిన చెనక్కాయలు. తెర మీద బొమ్మ స్పష్టంగా కనపడాలంటే గది చీకటిగా ఉండాలి కదా, కిటికీకి ఎవరో గొర్రెల కాపరి ఇచ్చిన నల్ల కంబళి వేలాడదీసింది. ఫ్యాను వేయనిచ్చేది కాదు. ఆ చప్పుడుకు గొర్రెలు బెదురుతాయట. అనంతపురం ఎండల్లో కంబళి చాటున, ఫ్యాను లేని గదిలో, గొర్రెల వాసన మధ్య నిలబడి నేర్చుకున్న చదువు మాది. మాకు చెమటలు పడుతుంటే ఆమె ‘గొర్రె ఉన్ని కప్పుకుని నిలబడుకోనుండాది, దానికి లేని బాధ మీకేం’ అనేది.

వాళ్ళది గుత్తిలో నూనె అంగడి ఉన్న కోమట్ల ఇల్లు. పుట్టి బుద్ధెరిగాక మాంసం ముట్టింది లేదు. అంగటివాళ్ళ పిల్ల ఆవు కడుపులో చెయ్యి పెట్టే పనికి ఎలా వచ్చిందని చుట్టాలు అడిగేవాళ్ళట. అంగట్లో కూర్చుంటే పొద్దస్తమానం మనుషుల్ని చూడాలి, అంత ఓపిక తనకు లేదని చెప్పేదట. ఆ మాట నిజమే. పశువుతో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించేది. మనుషులతో మాట్లాడేటప్పుడు తగ్గించాలన్న ధ్యాసే ఉండేది కాదు.

మాకు మొదట గొర్రెను ఇవ్వలేదు. రబ్బరు చేతి తొడుగులో నీళ్ళు నింపి, అందులో ఉడికిన చెనక్కాయ గింజలు వేసి, మూతి బిగించి కట్టి, దాన్ని బకెట్టు నీళ్ళలో ముంచింది. పైనుంచి స్కానింగు పిడి ఆనించి లోపల గింజలు ఎన్ని ఉన్నాయో, ఏ వేలులో ఉన్నాయో తెర మీద చూసి చెప్పాలి. తప్పు చెబితే మళ్ళీ మొదలు. మేం తంటాలు పడుతుంటే ఆమె మిగిలిన కాయలు ఒలుచుకుని తింటూ కూర్చునేది. పాఠానికి కావలసినవాటికంటే ఎక్కువ ఎందుకు ఉడకబెట్టుకొస్తుందో మాకు త్వరలోనే అర్థమైంది. కొన్నాళ్ళకు మేమూ తినడం మొదలుపెట్టాం. దానికి మాత్రం ఏమీ అనలేదు.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. తెర మీద కనపడినదానికి మేం పేరు పెట్టకూడదు. నల్లగా ఉంటే నలుపు, తెల్లగా ఉంటే తెలుపు, మధ్యరకంగా ఉంటే బూడిద, అంతవరకే చెప్పాలి. నలుపంటే నీళ్ళు, తెలుపంటే ఎముక, బూడిదంటే కండ అని మాకు తెలిసినా సరే అనకూడదు. ‘నువ్వు చూసింది చెప్పు. అదేందో నేను చెప్తా’ అనేది. ఆ పద్ధతిని లెక్కచేయకుండా మాలో ఒకడు ఒకరోజు తెర మీద పెద్ద నల్లని సంచి కనపడగానే ‘గర్భం’ అని కేక వేశాడు. గొర్రె తాలూకు ముసలాయన చేతులు జోడించాడు. అంతలో గొర్రె అక్కడే నిలబడి ధారగా పోసింది. తెర మీద ఆ గర్భం మా కళ్ళ ముందే చిన్నదైపోయి మాయమైంది. దారిలో చెరువు కనపడితే నీళ్ళు తాపి తీసుకొచ్చాడట ముసలాయన. మేడం నవ్వలేదు. గుడ్డ తెచ్చి తుడవమంది, అంతే. ఆ తర్వాత ఆ కుర్రాడికి గర్భం అన్న మాట నోట్లోంచి రావడానికి చాలా కాలం పట్టింది.

ఎక్స్‌రే గదిలో ఇంకో తంతు. ఎక్స్‌రే తీసేటప్పుడు వేసుకునే సీసపు కోట్లు బరువు. విప్పగానే మడిచి బల్ల మీద పడేయాలనిపిస్తుంది. మడిస్తే లోపల సీసం చిట్లుతుంది, బయటికి కనపడదు. అందుకని ఆమె అప్పుడప్పుడూ ఆ కోట్లనే బల్ల మీద పరిచి ఎక్స్‌రే తీయించేది. వైద్యానికి వచ్చినవాళ్ళు కిటికీలోంచి చూసి, కుక్కలూ దూడలూ అయిపోయి ఇప్పుడు కోట్లకు వైద్యం చేస్తున్నారని నవ్వుకునేవాళ్ళు. ఒకసారి ఒక కోటులో చిట్లిన గీత కనపడింది. అది నేను రోజూ వేసుకునేది. ఆమె దాన్ని తీసి పక్కన పడేసి, తన కోటు నాకు తొడిగి, కొత్తది వచ్చేదాకా తను గోడ అవతల నిలబడి పని చెప్పింది. నేను థాంక్స్ చెప్పబోతే ‘కుక్క కదుల్తాంది, చూసుకో’ అంది.

ఇవన్నీ చెప్పుకుంటూ పోతే ఆమె మంచి గురువుగా, కాస్త నోటి దురుసు మనిషిగా మాత్రమే మిగిలిపోతుంది. నాకు ఆమె అలా మిగల్లేదు. దానికి కారణం ఒక గొర్రె.

ఆ ఏడాది వాన మొహం చాటేసింది. చెనక్కాయ చేలు మొలకలోనే మాడిపోయాయి. కాయ సంగతి సరే, పశువులకు మేతగా వేసే కట్టె, అంటే కాయ కోశాక మిగిలే ఎండు చెట్టు, అది కూడా దొరకలేదు. మందలవాళ్ళు ఏటా కంటే ముందే బళ్ళారి దిక్కుకు, కాలువ నీళ్ళు పారే వైపుకు నడవడానికి తయారవుతున్నారు. అంత దూరం నడవలేని గొర్రెలను సంతలో కోతకు అమ్మేస్తారు. అమ్మకపోతే అవి ఎలాగూ దారిలో పడిపోతాయి. వచ్చిన డబ్బుతో మిగతా మందకు మేతో, బండో చూసుకుంటారు. కరువు ఏళ్ళల్లో ఎప్పుడూ జరిగేదే ఇది.

ఒక సంతరోజు పొద్దున పామిడి వైపు నుంచి ఒకామె ట్రాలీ ఆటోలో బక్కచిక్కిన గొర్రెలను వేసుకుని వచ్చింది. నలభై దాటిన మనిషి. మొగుడు కాలు విరిగి మంచంలో ఉన్నాడు, మందను తనూ మరిదీ తోలుకుపోవాలి. సంతకు పోకుండా ఇక్కడికెందుకు వచ్చావని అడిగితే గడప మీద కూర్చుని చెప్పింది. అంతకు ముందు ఒక కరువులో వాళ్ళాయన ఒక గొర్రెను కోతకు అమ్మాడు. కోసినప్పుడు దాని కడుపులో పిల్లలు కనపడ్డాయి. సూడి గొర్రెను, అంటే కడుపుతో ఉన్నదాన్ని, కోతకు అమ్మడం వాళ్ళ ఇంట్లో తరతరాలుగా లేదు. ఆ నెలలోనే రోగం వచ్చి మందలో సగం పోయింది. ఆ రెంటికీ సంబంధం ఉందని ఇల్లంతా నమ్మింది. వాళ్ళాయన ఊరి దేవర ముందు ఒట్టు వేశాడు. టౌనులో మిషను కింద పెట్టి చూపించి, ఖాళీ అనిపించుకోనిదే ఏ గొర్రెనూ కోతకు అమ్మనని.

దేవర ముందు వేసే ఒట్టులోకి స్కానింగు మిషను కూడా చేరిందని విని మాలో ఒకరిద్దరం ముసిముసిగా నవ్వుకున్నాం. మేడం గొర్రెలను దించమంది.

పిడి నా చేతికిచ్చింది. తొడ సందులో ఉన్ని లేని చోట జెల్లీ రాసి ఆనించాను. మొదటిదానికి నల్లని నీళ్ళలో బూడిద రంగు గుండీలు వరసగా కనపడ్డాయి. మాయ గర్భసంచికి అంటుకునే చోట్లు అవి. నలుపు, దాంట్లో బూడిద గుండ్రాలు అని చెప్పాను. ‘ఉండాది’ అంది మేడం. పామిడి ఆమె ఆ గొర్రెను పక్కకు లాగి రెండోదాన్ని తెచ్చింది. దానికీ ఉంది. మూడోదానికి రెండు పిల్లలు. ప్రతిసారీ మేడం అదే గొంతుతో ‘ఉండాది’ అనేది. మామూలు ఏడాదిలో అయితే ఆ మాటకు కాపరుల మొహాలు విప్పారుతాయి. ఈమె మొహం ప్రతి మాటకూ కొంచెం కొంచెం వాలిపోతూ వచ్చింది. ఒక్కటన్నా అమ్ముడుపోకపోతే మందను బండి ఎక్కించే దారి లేదు. నడిపిస్తే ఈ సూడి గొర్రెలే ముందు పడిపోతాయి. ఇదంతా ఆమె మాకు చెప్పలేదు, ఆటోవాడు తర్వాత చెప్పాడు. ఆమె మాత్రం మూడోదాన్ని లాక్కుంటూ ఒకే ఒక్క మాట అంది.

“మీ మిషను రాకముందు మాకు తెలిసేది కాదు తల్లీ. తెలీకుండానే అమ్ముకుంటాంటిమి.”

చివరిది ముసలి గొర్రె. ముందు పళ్ళు ఊడిపోయాయి, ఒక కాలు కుంటి. నిలబడలేకపోతే మాలో ఇద్దరు పట్టుకున్నారు. పిడి ఆనించగానే నాకు స్పష్టంగా కనపడింది. నలుపు. ఆ నలుపులో సన్నని తెల్ల గీతలు, అవి పక్కటెముకలు. వాటి మధ్య చిన్నగా, వేగంగా కదులుతున్నది గుండె. నేను నోరు తెరిచేలోపు మేడం పిడి నా చేతిలోంచి తీసుకుంది. అటూ ఇటూ జరిపింది. ఇటుక మీది నుంచి కాళ్ళు తీసి కిందికి దిగి, వంగి, ఇంకో వైపు నుంచి చూసింది. తర్వాత మీట నొక్కి తెర ఆర్పేసింది.

“ఇది ఖాళీ. అమ్ముకో పో.”

పామిడి ఆమె గొర్రె తల మీద చెయ్యి వేసింది. తర్వాత దాన్ని ఎత్తుకుని వెళ్ళి ఆటోలో వేసుకుంది. అది ఆ సాయంత్రం సంతలో అమ్ముడుపోయింది. మిగతావాటిని లారీలో కాలువ వైపు తీసుకుపోయారని కొన్నాళ్ళకు విన్నాను.

నాకు కోపం వచ్చింది. దాచుకోవడం ఎందుకు, అసహ్యం కూడా వేసింది. నలుపును నలుపనకుండా ఇంకేదో అంటే రోజంతా మొహం చూడని మనిషి, తెర మీద కొట్టుకుంటున్న గుండెను లేదని చెప్పింది. అందరూ వెళ్ళిపోయాక పిడికి అంటిన జెల్లీ తుడుస్తూ అడిగేశాను.

“మేడం, గుండె కొట్టుకుంటాండె కదా.”

“కొట్టుకుంటాండె.”

“మరి ఖాళీ అని చెప్పినారు.”

“చెప్పినా.” చెనక్కాయ ఒలిచి నోట్లో వేసుకోబోయి మళ్ళీ జేబులో పెట్టుకుంది. “ఆ కుంటిది ఈనేదాకా బతకదే పాపా.”

ఆ మాటే ఆమెతో చెప్పి, సూడిదైనా అమ్ముకోమని చెబితే సరిపోయేది కదా అన్నాను.

“చెప్తే అమ్మదు. దాన్ని భుజాన ఏసుకుని నడుస్తాది. అదీ పోతాది, దాంతో పాటు తక్కినవీ పోతాయి.” ఇటుకను కాలితో కుర్చీ కిందికి నెట్టింది. “దేవర కాడ ఒట్టేసింది వాళ్ళు. నేను ఎయ్యలేదు. పాపమనేది ఉంటే నా కాడికే రానీ. ఆయమ్మకు మోసేటివి శానా ఉండాయి.”

కోడిగుడ్డు కూడా ఇంట్లోకి రానివ్వని మనిషి నోటి నుంచి వచ్చిన మాట అది. నాకు కోపం తగ్గలేదు. కొన్నాళ్ళు అవసరమైనంత మేరకే మాట్లాడాను. ఆమె గమనించిందో లేదో తెలియదు, గమనించినట్టు మాత్రం కనపడలేదు. రోజూలాగే తిట్టింది, రోజూలాగే పని నేర్పింది. ఆ తర్వాత ఎవరికైనా ఆమె అలా చెప్పిందా అని తెర వైపు ఒక కన్నేసి ఉంచాను. చెప్పలేదు. ఉన్నదానికి ఉందనీ, లేనిదానికి లేదనీ, తేల్చుకోలేనిదానికి మళ్ళీ తీసుకురమ్మనీ, అంతే. ఆమె చేసింది సరైన పని అని ఇప్పటికీ అనలేను. నేనైతే చేయను. అయినా ఆ గదిలో నేను చూసిన పనులన్నిటిలో నాకు ఎక్కువగా గుర్తున్నది అదే, ఆమె మీద ఇష్టం మొదలైంది కూడా ఆ కోపంలోంచే.

మరుసటి ఏడు వాన పడింది. గొప్పగా కాదు, ఏదో పడిందనిపించుకోవడానికి. నా శిక్షణ అయిపోయినా నన్ను కొంతకాలం అక్కడే పనిలో ఉంచారు. ఒకరోజు ఆ పామిడి ఆమె మళ్ళీ ఆటోలో గొర్రెలను తెచ్చింది. వాళ్ళాయన కాలు సరిగ్గా అతుక్కోలేదట, మళ్ళీ ఆసుపత్రికి పోవాలి, ఖర్చుకు ఒకటో రెండో అమ్మాలి. ఒట్టు ఒట్టే కాబట్టి మిషనుకు చూపించడానికి వచ్చింది. మేడం ఇటుక జరుపుకుని కుర్చీ ఎక్కబోతుంటే ఆమె గడపలోనే ఆగింది.

“ఈ తూరి ఈ పాప చూస్తాది. నువ్వు బయట కూర్చో తల్లీ.”

ఆసుపత్రిలో మేడంతో అలా మాట్లాడినవాళ్ళను నేను చూడలేదు. ఇప్పుడు తిట్లు మొదలవుతాయనుకున్నాను.

“ఏం, నా చూపు బాగలేదా?” అంది మేడం.

“నీ చూపుకేం, బాగానే ఉండాది. పోయినేడు అన్నిటికీ టీవీని చూసి చెప్పినావు. ఆ కుంటిదానికి మటుకు నన్ను చూసి చెప్పినావు.”

నేను జెల్లీ సీసా పట్టుకుని అలాగే నిలబడ్డాను. మేడం గొంతు తగ్గింది.

“తెలిసే అమ్మినావా?”

“నడిచేటివి బతకాల కదా. నువ్వు ఖాళీ అంటివి, నేను సరే అంటి. నాకేమో ఇంట్లో నలుగురుండారు, అనుకుని ఏడ్సుకున్యాం. నువ్వు ఒక్కదానివే మోసుకోనుంటావు.” ఆమె మేడం మొహం వైపు చూడకుండా గొర్రె చెవి సవరించింది. “ఏటేటా నీతో మోయించకూడదు తల్లీ. ఈ పాపకు నా మింద జాలి లేదు. ఉండేది ఉన్నట్టు చెప్తాది.”

ఆ చివరి మాట నన్ను మెచ్చుకోవడమో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు. మేడం కోటు విప్పి కుర్చీకి తగిలించి, బయటికి పోయి, ఆటో పక్కన ఉన్న అరుగు మీద కూర్చుంది.

నేను తెర ముందు కూర్చున్నాను. జెల్లీ రాసి పిడి ఆనించాను. మొదటి గొర్రెలోనే నల్లని నీళ్ళ మధ్య గుండె కొట్టుకుంటూ కనపడింది. ఆమె అవసరం నాకు తెలుసు. వాళ్ళాయన కాలు సంగతీ తెలుసు. తెర మీది నుంచి కళ్ళు తిప్పకుండా, బయటి అరుగు దాకా వినపడేటట్టు ‘ఉండాది’ అన్నాను.

“అట్లయితే ఇంటికే” అంది ఆమె. గొర్రెను ముందు కాళ్ళ కింద చెయ్యి వేసి ఎత్తుకోబోయింది. అది బరువుగా ఉంది, ఆమె ఒక్కదానివల్ల కాలేదు. నేను లేచేలోపే మేడం అరుగు మీది నుంచి వచ్చింది. చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని, గొర్రె వెనక కాళ్ళ కింద చేతులు పెట్టింది. ఇద్దరూ కలిసి దాన్ని ఆటోలోకి మోశారు.